నిద్రపుచ్చినవాళ్ళు మేలుకొని ఉండాలి

నిజామాబాద్ జిల్లాలో చాలా ఏళ్ళు మత్తు డాక్టరుగా పనిచేశాను. బల్ల మీద పడుకున్న మనిషి కోసే డాక్టరును ఎన్ని ప్రశ్నలైనా అడుగుతాడు గానీ, ఒక్క ప్రశ్న మాత్రం మా కోసం దాచుకుంటాడు. చేతికి సూది గుచ్చి మందు ఎక్కించబోతుండగా అడుగుతాడు: "మళ్ల లేస్తనా మేడం?" లేస్తావని చెప్పేదాన్ని. ఆ మాట ఇచ్చాక ఆ బల్ల దగ్గర్నుంచి కదిలే హక్కు నాకు లేదు. నాకు అబ్బిన కాస్త వేదాంతమూ ఆ ప్రశ్న వెంబడి వచ్చిందే. రిటైరయ్యాక ఉపనిషత్తులు పట్టుకున్నా, భారతం మళ్ళీ తెరిచినా ఆ ప్రశ్నతోనే చదివాను.

నిద్రమాత్రల గురించి మన ఇళ్ళలో వినపడే మాటలు రెండు. మాత్ర వేసుకోవడం మనోబలం లేకపోవడమని, దేవుడి మీద భారం వేసి పడుకుంటే నిద్ర అదే వస్తుందని పెద్దవాళ్ళంటారు. బీపీ మాత్ర ఎలాగో ఇదీ అంతే, ఇందులో పాపపుణ్యాలేమున్నాయని పిల్లలంటారు. రెండు మాటల్లోనూ కనబడేది మింగే మనిషే. ఇచ్చే మనిషి ఎక్కడా కనబడడు. ఈ మందుల కథ మొదటినుంచీ చూసుకుంటూ వస్తే, ధర్మాధర్మాలు ముందుగా తేల్చుకోవలసింది ఇచ్చేవాళ్ళ దగ్గరేనని నా గట్టి నమ్మకం.

నిద్ర వేరు, మత్తు వేరు. నేను పనిలో చేరిన రోజుల్లో వాడింది థయోపెంటోన్. చిన్న సీసాలో లేత పసుపు పొడి. డిస్టిల్డ్ వాటర్ కలిపి సిరంజిలోకి తీసుకుని నెమ్మదిగా నరంలోకి ఎక్కిస్తుంటే, నోట్లో వెల్లుల్లి వాసన తగులుతోందనేవాళ్ళు చాలామంది. ఆ మాట పూర్తవుతుండగానే మాట ముద్దగా అయిపోయేది. కనురెప్ప వెంట్రుకలను వేలితో తాకి చూస్తాం. రెప్ప కదలకపోతే మనిషి ఇక మన చేతిలో ఉన్నట్టే. దవడ జారుతుంది, నాలుక వెనక్కి పడుతుంది, బీపీ తగ్గుతుంది, ఊపిరి ఆగిపోవచ్చు. దవడను వేళ్ళతో పైకెత్తి పట్టుకుని మాస్కు పెట్టి గాలి అందించాలి. మామూలుగా నిద్రపోయే మనిషికి ఇవేవీ అక్కర్లేదు. దోమ కుడితే చెయ్యి లేస్తుంది, బిడ్డ ఏడిస్తే తల్లి లేస్తుంది. మత్తులో ఉన్న తల్లి లేవదు.

లేచాక అనే మాట కూడా వేరు. రాత్రి బాగా నిద్రపట్టినవాడు పొద్దున లేచి "హాయిగా పడుకున్నాను, ఏమీ తెలియలేదు" అంటాడు. ఈ మామూలు మాటను పట్టుకుని అద్వైతులు పెద్ద వాదమే కట్టారు. ఏమీ తెలియలేదన్న సంగతీ, హాయిగా ఉందన్న సంగతీ గుర్తున్నాయి కాబట్టి గాఢనిద్రలోనూ చూస్తూ ఉన్న సాక్షి ఒకటుందని వాళ్ళంటారు. నైయాయికులు దీనికి ఒప్పుకోలేదు. అది జ్ఞాపకం కాదు, లేచాక చేసుకున్న ఊహ అన్నారు. ఛాందోగ్యంలో ఇంద్రుడికీ ఈ గాఢనిద్ర దగ్గరే అడ్డం పడింది. కలలు కూడా లేని నిద్రలో ఉన్నదే ఆత్మ అని ప్రజాపతి చెబితే సంతోషంగా బయల్దేరి, దేవతల దగ్గరికి చేరకముందే వెనక్కి తిరిగి వస్తాడు. ఆ స్థితిలో తానెవరో తనకే తెలియదు, ఎదుటి ప్రాణులూ తెలియవు, నశించిపోయినట్టే కదా, ఇందులో నాకు మేలేమీ కనబడడం లేదంటాడు. నూటొక్క ఏళ్ళ శిష్యరికం పూర్తయితే గానీ అతనికి ఆ మీది మాట అందలేదు.

మా రోగులు "హాయిగా పడుకున్నాను" అనరు. గొంతులోంచి ట్యూబు తీశాక కళ్ళు తెరిచి "అప్పుడే అయిపోయిందా?" అంటారు. మూడు గంటలు గడిచినా వాళ్ళకు క్షణం కూడా గడవలేదు. మిడజోలం అనే మందు ఇంకో చిక్కు తెచ్చింది. కొద్ది మోతాదులో ఇస్తే మనిషి మగతలోనే మాట్లాడతాడు, చెయ్యెత్తమంటే ఎత్తుతాడు, నొప్పి పుడితే మూలుగుతాడు. మర్నాడు అడిగితే ఒక్కటీ గుర్తుండదు. గుర్తు లేని బాధ బాధేనా? మూలిగిన ఆ క్షణంలో బాధపడుతున్నవారు ఒకరు అక్కడున్నారు. నేను పక్కనే ఉండి చూశాను. ఎలాగూ గుర్తుండదు కదా అని అరకొర మత్తులో మనిషిని నొప్పికి వదిలేయడం అధర్మమనే అంటాను. అద్వైతులు నెగ్గినా నైయాయికులు నెగ్గినా మా బల్ల దగ్గర ఒక సంగతి మారదు. తనకేం జరిగిందో ఆ మనిషి రేపు చెప్పుకోలేడు. తన సంగతి తాను చూసుకునే శక్తిని అతని దగ్గర్నుంచి మందుతో తీసుకున్నది మనం. కాబట్టి మనమే సాక్షిగా నిలబడాలి.

మన కథల్లో ఈ ఎరుక ఎప్పటినుంచో ఉంది. శృంగిబేరపురంలో సీతారాములు నేల మీద పడుకుంటే, నువ్వూ పడుకో, మేం కాపలా ఉంటామని గుహుడు లక్ష్మణుడికి పడక చూపిస్తాడు. లక్ష్మణుడు పడుకోడు. ఒకరి మెలకువకు ఇంకొకరు ఏదో చెల్లించాలని మన ఆడవాళ్ళకు తోచింది, అందుకే ఊర్మిళాదేవి నిద్ర పాట కట్టుకున్నారు. అందులో పద్నాలుగేళ్ళూ నిద్రపోయింది ఆమె. దీనికి పూర్తిగా ఎదురు కథ సౌప్తికపర్వం. రాత్రిపూట పాండవ శిబిరం మీద పడదామన్న అశ్వత్థామను కృపాచార్యుడు ఆపబోతాడు, నిద్రలో ఉన్నవాళ్ళను చంపడం ధర్మం కాదంటాడు. అతను వినడు. అంతకుముందు పద్దెనిమిది రోజుల యుద్ధంలో లెక్కలేనంతమంది చచ్చారు, అయినా వినేవాళ్ళ ఒళ్ళు జలదరించేది ఆ రాత్రి కథకే. శత్రువు నిద్రకే అంత మర్యాద ఉంటే, మనం మందిచ్చి తెప్పించిన నిద్రకు ఎంత ఉండాలి?

ఇక ఆ మందుల కథకు వస్తే, క్లోరల్ హైడ్రేట్‌ను 1832లో జర్మనీలో లీబిగ్ తయారుచేశాడు. అది నిద్రమందుగా పనికొస్తుందని 1869లో బెర్లిన్‌లో ఆస్కర్ లీబ్రైష్ చూపించాడు. ఒంట్లోకి వెళ్ళి క్లోరోఫాం అవుతుందని ఆయన అంచనా. అలా జరగదు, ట్రైక్లోరోఎథనాల్‌గా మారుతుంది, నిద్ర తెచ్చేది అదే. దీనికి దగ్గరి చుట్టమైన ట్రైక్లోఫాస్ సిరప్‌ను స్కాన్‌కి ముందు చంటిపిల్లలకు నేనూ తాగించాను. పిల్ల కాలి వేలికి పల్స్ ఆక్సీమీటర్ క్లిప్పు పెట్టి, లేచి ఏడ్చేదాకా పక్కనే కూర్చునేదాన్ని. అదే క్లోరల్ హైడ్రేట్ మా జిల్లాకు ఇంకో దారిన వచ్చింది. కల్లులో వచ్చింది.

తాటిచెట్టయినా ఈతచెట్టయినా ఇచ్చే కల్లుకు ఒక హద్దుంది. గీసిన కల్లు త్వరగా పులుస్తుంది, దూరం పోదు. చెట్లు తగ్గాయి, దుకాణాలు పెరిగాయి. ఆ లోటును నీళ్ళతో, శాక్రిన్‌తో, క్లోరల్ హైడ్రేట్‌తో పూడ్చారు. తర్వాత పేపర్లలో డైజోఫాం అని రాసే డయజిపాం వచ్చింది, ఆ వెనక ఆల్ప్రాజోలం వచ్చింది. ఊళ్ళో జనానికి తేడా తెలుసు. ఒకటి చెట్టు కల్లు, ఇంకోటి మందు కల్లు. క్లోరల్ హైడ్రేట్‌కు సీహెచ్ అనే పొట్టి పేరు అక్షరం రానివాళ్ళ నోట కూడా విన్నాను.

బీడీలు చుట్టే ఒకామె గర్భసంచి ఆపరేషన్‌కి వచ్చింది. ముందురోజు వార్డులో చూడటానికి వెళ్ళి, మా జిల్లాలో మత్తు డాక్టరు తప్పకుండా అడగవలసిన ప్రశ్న అడిగాను.

"కల్లు తాగుతవా అమ్మా?"

"తాగుత మేడం. పొద్దుమూకినంక రెండు సీసలు."

"తాగకుంటే?"

"చేతులు వణుకుతయ్. ఆకు కత్తిరించరాదు. రాత్రంత కన్ను మూతపడది."

"మందు కల్లేనా?"

"ఎవ్వలికి తెలుసు మేడం. దుకాన్ల ఏది పోస్తే అది తాగుతం."

నా అభ్యంతరమంతా ఆ చివరి మాట మీదే. నా బల్ల ఎక్కేముందు ఆమె చేత వేలిముద్ర తీసుకుంటాం. ఏ మందు ఇస్తున్నామో, ఏం జరగొచ్చో విడమరిచి చెబుతాం. ఏళ్ళ తరబడి ప్రతి సాయంత్రం ఆమెకు మత్తు ఇచ్చినవాళ్ళు ఆ మాట కూడా చెప్పలేదు. మర్నాడు మామూలు మోతాదు థయోపెంటోన్ ఆమెకు చాలలేదు. ఆ జాతి మందులకు మెదడు ముందే అలవాటుపడి ఉంది. ఆపరేషన్ బాగానే జరిగింది. అసలు గండం ఆ తర్వాతే, ఎందుకంటే ఆసుపత్రిలో కల్లు ఉండదు. మూడో రోజుకి చెమటలు, వణుకు పట్టుకున్నాయి, గోడ మీద పురుగులు పాకుతున్నాయంది. ముందే అడిగి తెలుసుకున్నాం కాబట్టి ఫిట్సు దాకా పోనివ్వకుండా డయజిపాం మొదలుపెట్టి రోజురోజుకీ తగ్గించుకుంటూ వచ్చాం. కల్లులో దొంగతనంగా కలిపే మందే, పక్కన నర్సును పెట్టుకుని లెక్కప్రకారం ఇస్తే ఆమెను గట్టెక్కించింది. మందుది పాపమంటే నేను ఒప్పుకోనిది అందుకే.

ఇందులో జరిగేది చెప్పుకుంటే పెద్ద రహస్యమేమీ కాదు. మెదడు కణాల ఉద్రేకాన్ని తగ్గించడానికి గాబా అనే రసాయనం మన తలలోనే ఉంది. క్లోరల్, బార్బిట్యురేట్లు, డయజిపాం, ఆల్ప్రాజోలం, అన్నీ దాని పనికే బలం చేకూరుస్తాయి. బయటినుంచి రోజూ ఆ సాయం అందుతుంటే మెదడు తన సొంత ఏర్పాటును తగ్గించుకుంటుంది. హఠాత్తుగా ఆపేస్తే అణచేది లేక ఉద్రేకమంతా ఒక్కసారి పైకి లేస్తుంది. 2015 సెప్టెంబరులో తెలంగాణ దీన్ని కళ్ళారా చూసింది. కల్తీ మీద దాడులు జరిగి సరుకు ఆగిపోయింది. నిజామాబాద్, మహబూబ్‌నగర్, మెదక్ జిల్లాల్లో వందలమంది ఆసుపత్రులకు వచ్చారు, ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకూ తీసుకెళ్ళారు. ఫిట్సు వచ్చినవాళ్ళు, మనుషుల్ని గుర్తుపట్టనివాళ్ళు, తమలో తాము మాట్లాడుకుంటూ తిరిగేవాళ్ళు. కొందరు చనిపోయారు. దాడులు చేయడం తప్పని అనను. మత్తు ఆపడం కూడా మత్తు ఇవ్వడమంత పనే, ఆపేవాళ్ళూ పక్కన నిలబడి చూసుకోవాలి.

ఇరవయ్యో శతాబ్దమంతా, కొత్త నిద్రమందు వచ్చిన ప్రతిసారీ ఇది పాతదానికంటే నయమన్నారు. చాలావరకు నిజమే. ఆ నమ్మకంతోనే కాపలా సడలించారు. 1903లో ఎమిల్ ఫిషర్, జోసెఫ్ ఫాన్ మేరింగ్ వెరొనాల్ తెచ్చారు, బార్బిట్యురేట్లలో మొదటి నిద్రమందు. 1912లో వచ్చిన ఫినోబార్బిటాల్ మూర్ఛరోగులకు ఇప్పటికీ దిక్కు. గార్డినాల్ పేరుతో అది చేరని పల్లె లేదు. అయితే ఈ జాతిలో నిద్రపుచ్చే మోతాదుకూ ఊపిరి ఆపే మోతాదుకూ మధ్య ఎడం తక్కువ. 1962లో మార్లిన్ మన్రో చనిపోయినప్పుడు ఒంట్లో దొరికినవి పెంటోబార్బిటాల్, క్లోరల్ హైడ్రేట్. రోష్ కంపెనీలో లియో స్టెర్న్‌బాక్ కనిపెట్టిన లిబ్రియం 1960లో, వేలియం 1963లో వచ్చాక ఆ భయం కొంత తీరింది. ఒంటరిగా మింగితే ఇవి ప్రాణం తీయడం అరుదు. సారాతోనో నల్లమందు జాతి మందులతోనో కలిస్తే తీస్తాయి. అలవాటు కూడా నెలల్లోనే పడిపోతుంది.

థాలిడోమైడ్ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నాకు కోపం ఆగదు. 1957లో పశ్చిమ జర్మనీలో దాన్ని నిద్రమందుగానే అమ్మారు, డాక్టరు చీటీ కూడా అక్కర్లేదన్నారు. గర్భిణులు వికారానికీ వాడారు. 1961 నవంబరులో అక్కడ వెనక్కి తీసుకున్నారు. అది అమ్మిన దేశాలన్నీ కలిపి చేతులూ కాళ్ళూ సరిగా ఏర్పడని పిల్లలు పదివేలమందికి పైగా పుట్టారని అంచనా. అమెరికాలో ఆ ఘోరం అంతగా జరగకపోవడానికి కారణం ఫ్రాన్సెస్ కెల్సీ. ఔషధ నియంత్రణ సంస్థలో అప్పుడే ఉద్యోగంలో చేరిన ఆమె దగ్గరికి 1960లో దరఖాస్తు వచ్చింది. కంపెనీ ఎంత తొందరపెట్టినా, వాడినవాళ్ళకు చేతులూ కాళ్ళూ తిమ్మిర్లెక్కుతున్నాయన్న వార్త పట్టుకుని, ఈ వివరం ఇవ్వండి, ఆ వివరం ఇవ్వండి అని అడుగుతూ సంతకం పెట్టలేదు. కోట్లమంది తల్లుల తరఫున ఒక ఆడమనిషి మేలుకొని కూర్చుంది. లక్ష్మణుడి పక్కన ఆమెను నిలబెట్టడానికి నాకేం సంకోచం లేదు.

హైదరాబాదుకూ ఈ కథలో చోటుంది. 1951లో ఇంద్ర కిశోర్ కక్కర్, సయ్యద్ హుసేన్ జహీర్ మలేరియా మందు కోసం వెతుకుతూ మెథాక్వలోన్ తయారుచేశారు. ఇవాళ ఐఐసీటీ అంటున్న హైదరాబాదు ప్రయోగశాలకు అప్పట్లో డైరెక్టరు జహీర్. ఆ పదార్థం మలేరియా మందు కాలేదు, నిద్రమందు అయింది. బ్రిటన్‌లో మాండ్రాక్స్‌గా, అమెరికాలో క్వాలూడ్‌గా అమ్మి, వ్యసనంగా ముదిరాక 1984లో అమెరికాలో పూర్తిగా నిషేధించారు.

నా వృత్తిలోవాళ్ళకు మర్చిపోలేని రోజు 2009 జూన్ 25. మైకేల్ జాక్సన్‌కు నిద్ర పట్టడం లేదని అతని డాక్టరు ఇంట్లోనే ప్రొపొఫాల్ ఎక్కించాడు. తెల్లగా పాలలా ఉండే ఆ మందు మా థియేటర్లలో రోజూ వాడేదే. పక్కన ఆక్సిజన్, మానిటర్, ఊపిరి అందించే మనిషి ఉంటేనే దాన్ని ముట్టుకుంటాం. ఆ డాక్టరు గది విడిచి వెళ్ళాడు, తిరిగొచ్చేసరికి ఊపిరి లేదు. 2011లో కోర్టు అతన్ని దోషి అంది. మందు తప్పుడుది కాదు. అడిగినవాడికి నిద్ర నిజంగానే అవసరం. పక్కన సాక్షి లేడు.

ఇక చనిపోయేవాళ్ళ నిద్ర. దీని మీద మతాలు చాలా ఆలోచించాయి, ఆలోచించవలసిందే. ఇటలీ మత్తు వైద్యులు అడిగిన ప్రశ్నలకు 1957 ఫిబ్రవరి 24న పోప్ పన్నెండో పయస్ జవాబిస్తూ, బాధ తగ్గించడానికి మత్తు ఇవ్వవచ్చన్నాడు, అందువల్ల ఆయుష్షు కొంత తగ్గినా ఇవ్వవచ్చన్నాడు. గట్టి కారణం లేకుండా మాత్రం చనిపోయే మనిషి స్పృహ తీసేయకూడదన్నాడు. మనకు ఈ చిక్కు గీత ఎనిమిదో అధ్యాయంలో ఉంది. అంత్యకాలంలో దేన్ని తలుస్తామో దాన్నే చేరుతామంటే, ఆ తలపును మందుతో చెరిపేసినవాళ్ళం ఏమవుతాం?

ఎముకలకు పాకిన క్యాన్సర్‌తో మంచం పట్టిన ఒక తెలుగు మాస్టారి దగ్గర ఈ ప్రశ్నను తప్పించుకోలేకపోయాను. "చూడలేకపోతున్నాం మేడం, నాన్నను పడుకోబెట్టేయండి" అని కొడుకులు అడిగారు. ఆయన నా చెయ్యి పట్టుకుని, "నొప్పి తగ్గించమ్మా. రామనామం అనుకునేంత ఎరుక మాత్రం ఉంచు" అన్నాడు. కొడుకులది ప్రేమే. అయినా వాళ్ళు అడిగిన నిద్ర వాళ్ళ కోసం. నొప్పికి మార్ఫిన్ పెంచి, మిడజోలం రాత్రికి మాత్రం కొద్దిగా ఉంచాను. పగలంతా పెదాలు కదులుతూనే ఉండేవి. చివర్లో ఊపిరాడక గుడ్లు తేలేస్తుంటే ఇక చాలా అని అడిగాను. తలాడించాడు. అప్పుడు పూర్తిగా నిద్రపుచ్చాను. ఆయన భార్య మంచం పక్కన ముక్కాలిపీట వేసుకుని, ఆయన అనలేని నామం ఆయన చెవిలో అంటూ కూర్చుంది. గీతలో తర్వాతి శ్లోకమే, అందుకని అన్ని వేళలా తలుచుకుంటూ ఉండమంటుంది. డెబ్బై ఏళ్ళు తలుచుకున్నదాన్ని ఒక సూదిమందు చెరపలేదు. మందు చెరిపేది ఆ పూట జ్ఞాపకాన్నే. ఆయన అడిగిన ఎరుకను ఆయన అడిగినంతసేపు ఉంచడం మాత్రం నా ధర్మం, అది నా ఇష్టానికో కొడుకుల తొందరకో విడిచిపెట్టేది కాదు.

ఇళ్ళలోనూ ఇదే కొలత పెడతాను. రాత్రిళ్ళు అత్తగారు లేచి తిరుగుతోందని ఆల్ప్రాజోలం రాసివ్వమని అడిగేవాళ్ళున్నారు. ఆమెకు నిద్ర లేదా, మీకు లేదా అని అడుగుతాను. మీకోసమైతే మాత్ర ఆమెకు వద్దు. ఆమెకోసమే అయితే కొద్దిరోజులకు ఇవ్వవచ్చు, కానీ అర్ధరాత్రి బాత్రూంకి లేచినప్పుడు పట్టుకునేవాళ్ళు గదిలో పడుకోవాలి. ఆ మాత్ర వేసుకున్న ముసలివాళ్ళు తూలిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుని మళ్ళీ మా బల్ల మీదికే వస్తారు.

2025 జులైలో కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగి పలువురు చనిపోయారు. నమూనాల్లో ఆల్ప్రాజోలం ఉందని తేలింది. అదే మందు పావు మిల్లీగ్రాము మాత్రలు మెడికల్ షాపులో అమ్మాలంటే హెచ్1 రిజిస్టరులో డాక్టరు పేరు, రోగి పేరు, ఎన్ని మాత్రలో రాసి మూడేళ్ళు భద్రపరచాలి. డ్రమ్ములో పొడి పోసి కర్రతో కలిపేవాడికి ఎవరు ఎంత తాగారో తెలియదు, ఎవరు లేవలేదో తెలియదు, తెలుసుకోవలసిన పని ఉందని కూడా అనుకోడు. అతన్ని పట్టుకోవడం పోలీసుల పని. దుకాణం మూతపడ్డ వారంలో అక్కడ రోజూ తాగేవాళ్ళు ఏమయ్యారో చూడటం మా పని. ఊళ్ళో ఎవరు తాగుతారో ఆశా కార్యకర్తకు తెలుసు. పీహెచ్‌సీలో డయజిపాం ఉంటుంది, దాని ఖరీదూ ఎక్కువ కాదు. పేర్లు రాసుకుని, రోజూ పిలిచి చూస్తూ, మోతాదు తగ్గించుకుంటూ వస్తే చాలామందిని ఫిట్సు రాకుండానే బయటపడేయవచ్చు. మా మండలంలో డాక్టర్లతోనూ ఆశా కార్యకర్తలతోనూ కూర్చుని గడప గడపకూ వెళ్ళి అడగవలసిన ప్రశ్నలు తెలుగులో రాసిచ్చాను. ఎంత తాగుతావు అన్నది అందులో రెండో ప్రశ్న. మొదటిది, ఆఖరిసారి తాగి ఎన్ని గంటలయింది అని.